ఈనె చివర తేనె

పరీధావి, భాద్రపద బహుళ నవమి

బావ వచ్చాడు.

ఈ రెండు మాటలు రాయడానికి మూడేళ్ళు ఆగాను. తీరా రాశాక తర్వాత ఏం రాయాలో తెలియడం లేదు. కాపురానికి పంపేటప్పుడు మా నాన్న ఈ పుస్తకం ఇచ్చి, "ఎవరితోనూ చెప్పుకోలేనిది వస్తే ఇందులో రాసుకో అమ్మా" అన్నాడు. నిమ్మాడలో పిల్లలకు చదువు చెప్పే మనిషి, ఆయనకు అన్నిటికీ రాతే మందు. ఇన్నాళ్ళూ నాకు దీంతో పని పడలేదు. ఇవాళ పడింది.

మిట్టమధ్యాహ్నం వచ్చాడు. నెత్తిన రేకు పెట్టె, మణికట్ల దాకా చేతులున్న చొక్కా. ఆ ఎండలో అంత చొక్కా ఏమిటో. అత్త వాకిట్లో కొబ్బరాకు అల్లుతున్నది అల్లుతున్నట్టే వదిలేసి పరిగెత్తింది. "ఒరే పోలారావూ, నా బాబే, నా తండ్రే" అని మీద పడబోతే ఆయన వెనక్కి జరిగాడు.

"ముట్టుకోకమ్మా. ఒళ్ళంతా ఓడ మురికి" అన్నాడు.

ఆయన ఓడెక్కి బర్మాలో రంగం వెళ్ళినప్పుడు నా కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఎవులు నువ్వు?" అని అడిగింది. దాని పేరు పెద్దతల్లి. మా మామ్మ పేరు. మనిషి నా నడుం దాకా కూడా రాదు గానీ గొంతు మాత్రం మునసబుగారిది.

బావ దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. చూసి, చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకున్నాడు. ఎత్తుకోలేదు. తల మీద చెయ్యయినా వెయ్యలేదు. స్నానం చేసి, అన్నం తిని, ఇంట్లో ఉక్కగా ఉందనీ తోటలో పాకలో పడుకుంటాననీ చెప్పి వెళ్ళిపోయాడు.

నాకేం. పాకలోనే పడుకోనీ.

దశమి

ఇవాళా ఎత్తుకోలేదు.

ద్వాదశి

పక్కింటి నారాయణమ్మ పొద్దున్నే ముంత పట్టుకుని మజ్జిగకు వచ్చింది. వాళ్ళింట్లో పాడి గేదె ఉండగా మా ఇంటికి మజ్జిగకు రావడం ఏమిటి? వచ్చిన పని వేరే.

"ఏటే రాజులమ్మా, మీ బావ పాకలోనే పడుకుంటన్నాడట? రంగం ఎల్లినోళ్ళు ఊరికే మారిపోరే. అక్కడ బరమా ఆడోళ్ళు తెల్లగా ఉంటారట, సుట్టలు కాలుత్తారట" అంది.

"కాల్చుకోనీ అప్పా, ఎవరి సుట్ట వాళ్ళది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆవిడ వెళ్ళాక మజ్జిగ చిలికిన కవ్వం ఎక్కడ పెట్టానో పూటంతా వెతుక్కున్నాను.

పెట్టెలోంచి నాకు ఎర్ర పట్టు బట్ట తీశాడు. పిల్లకు మెడ ఊపే చెక్క బొమ్మ. రెండూ తెచ్చి అరుగు మీద పెట్టి, కుక్కకు అన్నం పెట్టినవాడిలా వెనక్కి జరిగిపోయాడు. పెద్దతల్లి బొమ్మ తీసుకుని, ఎత్తుకొమ్మని రెండు చేతులూ చాపింది. అది అందరి దగ్గరా అంతే, ఏదైనా ఇస్తే చాలు చంక ఎక్కాలంటుంది. బావ మొహం తిప్పుకుని తోటవైపు నడిచాడు.

పిల్ల చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి. తర్వాత దించుకుంది. అది నేను మర్చిపోను. బట్ట పెట్టెలో అడుగున పెట్టేశాను.

త్రయోదశి

దేవుడా, ఎంత నవ్వాను ఇవాళ. ఎంత ఏడ్చాను.

ఎండుటాకులు ఏరడానికి తోటలోకి వెళ్ళాను. ఆకులు నిన్ననే ఏరాను గానీ, ఒకటీ అరా ఉంటాయి కదా. వెళ్తే బావ కొబ్బరి చెట్టుకు వీపు ఆనించి, గేదె రాసుకున్నట్టు పైకీ కిందికీ రాసుకుంటున్నాడు. కళ్ళు మూసుకుని. ఆ మొహంలో అంత సుఖం మా పెళ్ళినాడు కూడా నేను చూడలేదు.

"ఏటది బావా?" అన్నాను.

తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

"సొక్కా ఇప్పు."

"ఎల్లు రాజులూ. ఎల్లిపో ఇక్కణ్ణించి."

"ఇప్పుతావా, అత్తను కేకెయ్యమంటావా?"

విప్పాడు. వేళ్ళ సందుల్లో, మణికట్ల మీద, చంకల్లో, నడుం చుట్టూ ఎర్రటి పొక్కులు. గోకి గోకి కొన్ని పుళ్ళయి రసి కారుతున్నాయి. గజ్జి.

"ఓడలో అంటుకున్నాది" అన్నాడు తల దించుకుని. "కింద అరలో మనిసి మీద మనిసి. ఒకే గొంగళీ కింద నలుగురం. నీకు సెప్పడానికి సిగ్గేసినాది. మూడేళ్ళూ గుంట మొకం ఎలాగుంటాదో, ఎత్తుకుంటే ఎంత బరువుంటాదో అనుకుంటూ పడుకునీవోణ్ణి. తీరా ఒచ్చి ఈ సేతుల్తో దాన్నెత్తుకోనా? దానికీ అంటదేటి?"

బర్మా ఆడది కాదు. సుట్టా కాదు. గజ్జి! ఎండుటాకుల్లో కూలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి దిగిపోయాను. బావ నా కన్నీళ్ళు తుడవబోయి, చెయ్యి గాల్లోనే ఆపుకుని, "సూసినావా" అన్నాడు.

ఇంత మంచివాణ్ణి ఇన్ని రోజులు తిట్టుకున్నాను. మజ్జిగ కోసం నారాయణమ్మ మళ్ళీ రావాలి, చెప్తాను దాని సంగతి.

ఆశ్వయుజ శుద్ధ విదియ

బండి కట్టుకుని టెక్కలి ఆసుపత్రికి వెళ్ళాం. నేనూ, అత్తా ముందు. బావ వెనక తట్టు కాళ్ళు వేలాడేసుకుని, మాకు తగలకుండా.

డాక్టరు సూర్యారావుగారు భూతద్దంతో బావ వేళ్ళ సందులు చూశారు. కంటికి ఆనని పురుగు ఒకటి చర్మం కింద దారి తవ్వుకుని గుడ్లు పెడుతుందట. అత్త "రామ రామ" అనుకుంది. డబ్బాలో పసుప్పచ్చటి గంధకం మందు ఇచ్చారు. మెడ నుంచి అరికాళ్ళ దాకా పట్టించి, కడగకుండా రాత్రంతా ఉంచాలట. బట్టలూ దుప్పట్లూ ఉడకబెట్టాలట.

"మరి పుళ్ళకి తేనె ఎట్టొచ్చా బాబూ? మా వోళ్ళు కాలినా తెగినా అదే ఎడతారు" అని అత్త అడిగింది. తిడతారేమో అనుకున్నాను. ఆయన తిట్టలేదు.

"పెట్టమ్మా. గోకిన పుళ్ళు మానడానికి తేనె మంచిదే, మంట కూడా తగ్గుతుంది. కానీ పురుగు తేనెకు చావదు. దానికి గంధకమే. తేనె ఉంది కదా అని మందు మాన్తారేమో, అది కూడదు. రెండూ జరగాలి."

అత్త ముఖం వెలిగిపోయింది. పెద్ద డాక్టరు తన మాట ఒప్పుకున్నాడని దారి పొడుగునా బండివాడికి చెప్తూనే ఉంది.

వచ్చేటప్పుడు డాక్టరుగారు ఇంకో మాట అన్నారు. ఇంట్లో ఇంకెవరికైనా వస్తే దాచొద్దట. ఇంకొక్కరికి వచ్చినా ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు రాసుకోవాలట. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుందట. "అతనికి తగ్గేదాకా పిల్లని దగ్గరికి పోనీకండి" అన్నారు.

"మా ఇంట్లో ఎవులికొత్తాది బాబూ?" అంది అత్త.

చవితి

కొండ మీంచి సవరలు సంతకు తెచ్చిన తేనె అత్త బేరమాడి కొంది. ఆనపకాయ బుర్రలో నల్లగా, చిక్కగా ఉంది.

ఇంటి కట్టుబాట్లు నేనే పెట్టాను. మందూ తేనే రాసేది అత్త. "కన్నదాన్ని, నా కొడుకు గజ్జి నన్నేటి సేత్తాది?" అంది. పెద్దతల్లి నా పక్కలో పడుకుంటుంది కాబట్టి నేను బావను ముట్టుకోకూడదు. పిల్ల పాక గడప దాటకూడదు. ఎవరైనా తప్పితే ఊరుకోనని చెప్పాను. బావ చేతులు కట్టుకుని విన్నాడు. "నువ్వు తప్పవు గదా?" అన్నాడు. ఎందుకలా అడిగాడో తెలియదు.

సప్తమి

గంధకం కంపు పాకంతా. పెద్దతల్లి ముక్కు మూసుకుని గడప అవతల నిలబడింది. వెళ్ళిపోదు. దగ్గరికి రాదు. "కంపోడా" అని పిలిచింది.

బావ కొబ్బరాకులోంచి నిలువెత్తు ఈనె ఒకటి చీల్చాడు. చివర తేనె ముంచి, మూల కూర్చుని, గడప అవతలికి చాపాడు. అది అటూ ఇటూ చూసి, నాలుక చాపి నాకేసింది. మళ్ళీ ముంచాడు. మళ్ళీ నాకింది. ఈనె ఈ చివర తండ్రి, ఆ చివర కూతురు.

ఇంటికొచ్చి అత్తతో చెప్పింది. "మామ్మా, తేనోడు మంచోడే."

కంపోడు తేనోడయ్యాడు. అయ్య అని చెప్పవే అంటే వినదు.

విజయదశమి

మేస్త్రి ఎల్లాజీ వచ్చాడు. మన తట్టు మనుషుల్ని రంగం బియ్యపు మిల్లులకు తోలుకుపోయేది అతనే. కార్తీక పౌర్ణమి మర్నాడు బారువలో ఓడ ఎక్కాలట. వీధిలోనే నిలబడి మాట్లాడాడు. గజ్జంటే అతనికి ప్రాణభయం.

"ఈలోపు తగ్గించుకో పోలారావూ. గజ్జోణ్ణి ఓడెక్కిత్తే నా గుంపంతా గోక్కుంటాది" అన్నాడు.

బావ తల ఊపాడు. తగ్గితే వెళ్ళిపోతాడు. తగ్గకపోతే పిల్లను ఎత్తుకోడు. ఓడలోపు తగ్గాలి, ఓడకు ముందు నాలుగు రోజులైనా మిగలాలి. అంతే నేను దేవుణ్ణి అడిగేది. వెళ్ళడం సంగతి నాకేం, అందరి మొగుళ్ళూ వెళ్తున్నారు.

శుద్ధ ద్వాదశి

అత్త భావనపాడులో చెల్లెలి ఇంటికి వెళ్ళింది. వెళ్తూ, "మందు నానొచ్చి రాత్తాను. వీపు మీద పుళ్ళకు తేనొకటే ఎట్టు" అని అప్పజెప్పింది.

అరిటాకు ముక్క చింపి, దాంతో రాశాను. చెయ్యి తగల్లేదు.

బావ వీపు సన్నబడిపోయింది. మిల్లులో బస్తాలు మోసి మోసి ఎడమ భుజం కొంచెం కిందికి దిగింది. తేనె రాస్తూ ఉంటే, "పిల్ల పుట్టినప్పుడు ఎలాగేడిసినాది?" అని అడిగాడు. మునసబుగారిలా అన్నాను. చాలాసేపు నవ్వుకున్నాడు.

చతుర్దశి

అత్తకు కళ్ళు సరిగా ఆనడం లేదు. వీపు మీద పుళ్ళు ఆవిడకు కనపడవు. అందుకని వీపుకు తేనె నేనే రాస్తున్నాను, ఆకుతోనే.

పౌర్ణమి

ఆకు చిరిగింది. కొంచెం.

బహుళ తదియ

పుళ్ళు చక్కగా మానుతున్నాయి. తేనె పెట్టిన చోటల్లా కొత్త చర్మం, పసిపిల్లల బుగ్గలా. కానీ దురద అణుమాత్రం తగ్గలేదు. ఒక పుండు మానితే పక్కన రెండు పొక్కులు. బావ అర్ధాకలి మనిషిలా కూర్చుంటున్నాడు. పిల్ల ఆయన చాపిన ఈనె చివరికి వచ్చి, "ఇంకా దగ్గిరికి రావొచ్చా?" అని అడుగుతోంది. ఇంకా కాదమ్మా అంటున్నాడు.

మంచి మందే కదా, డాక్టరుగారు అబద్ధం చెప్తారా? మొదట్లో గంధకం కంపు వీధి దాకా వచ్చేది. ఈ మధ్య అంత రావడం లేదు. ఒంటికి అలవాటు పడిందేమో.

చవితి

ఆకు మర్చిపోయి వెళ్ళాను. పోనీ, ఒక్క రోజుకేం.

సప్తమి

కంపు ఎందుకు రావడం లేదో ఇవాళ తెలిసింది.

సాయంత్రం పాక వెనక్కి వెళ్తే అరిటి పాదులో నీళ్ళు పసుప్పచ్చగా పారుతున్నాయి. లోపల అత్త సున్నిపిండితో బావ ఒళ్ళు తోముతోంది. మందు రాయడం, మంత్రం చదివినట్టు ఏదో గొణుక్కోవడం, వెంటనే తోమి కడిగెయ్యడం, ఆ తర్వాత తేనె పెట్టడం. రోజూ ఇదేనట.

"అత్తా! ఏటి సేత్తన్నావు?" అని అరిచాను.

ఆవిడ ఉలిక్కిపడి, చెంబు కింద పడేసింది. అయినా తగ్గలేదు. "మరేటి సెయ్యమంటావు? ఆ మందు సూడు, పేరిన నెయ్యిలాగ నేదూ? దాని మీద తేనె ఎడితే? తేనే నెయ్యీ సమంగా కలిత్తే ఇసం! పసిగుంటలకు కూడా తెలుసు. నా సేతుల్తో నా కొడుక్కి ఇసం పట్టించమంటావేటి?"

"మరి సెప్పొచ్చు గదా!"

"సెప్తే మీ డాక్టరు తేనె మానీమంటాడు. తేనె మానీత్తే పుళ్ళెలా మానతాయి?"

బావను చూశాను. "అమ్మ కడుగుతాంది, కడిగించుకున్నాను. వైద్యం అలాగే అనుకున్నాను" అన్నాడు. మూడేళ్ళు సముద్రం అవతల బతికొచ్చిన మనిషి! ఈ తల్లికి ఈ కొడుకే తగినవాడు.

కోపం వచ్చింది. చెంబు తీసి నేను కూడా నేలకేసి కొడదామనుకున్నాను. కానీ అత్త ఆ మందు చేతుల్ని తన ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని ఉంది. రోజూ ఆ మందు రాసేటప్పుడు విషాన్ని ముట్టుకుంటున్నట్టే భయపడి ఉంటుంది ఆవిడ. భయపడుతూనే రాసింది, మానెయ్యలేదు. ఆవిడ కట్టుకున్న చీర చెంగుతోనే ఆవిడ చేతులు తుడిచాను.

అష్టమి

మళ్ళీ టెక్కలి. సంగతంతా అత్తే చెప్పింది, కచేరీలో సాక్ష్యం చెప్పినట్టు తల ఎత్తుకుని. డాక్టరుగారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"ఇది నెయ్యి కాదమ్మా. కిరసనాయిలు దొరికే చోటే, భూమిలోంచి తీసే జిడ్డు" అన్నారు.

"అవునమ్మా, రంగంలో భూమిలోంచి నూనె తోడతారు" అని బావ అందుకున్నాడు. అత్తకు నమ్మకం కుదరలేదు. భూమిలో నెయ్యి ఉంటే ఆవులెందుకు అంటుంది.

డాక్టరుగారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "సరే, నెయ్యే అనుకో. సమపాళ్ళలో కలిస్తేనే కదా విషం?"

"సమంగా ఐతేనే బాబూ."

"అయితే సమంగా కలపకు. మందు ఒళ్ళంతా దండిగా పట్టించు. తేనె ఒట్టి పుళ్ళ మీద, చుక్కంటే చుక్క. ఎక్కడైనా సమం అవుతుందా?"

అత్త లోపల కొలుచుకుంది. మందు ఇంత, తేనె ఇంత. "అవదు" అంది. "ఈ ముక్క ముందే సెప్పొచ్చు గదా బాబూ" అని ఆయన్నే మందలించి లేచింది.

దీపావళి

వాడంతా మతాబుల మందు కంపు. మా పాకలో గంధకం కంపు. రెండూ ఒకటే వాసన అని పెద్దతల్లి కనిపెట్టింది. "తేనోడింట్లో రోజూ దీపాలే" అంటుంది.

దురద తగ్గింది! కొత్త పొక్కులు లేవు. బావ ఇవాళ ఈనెను విరిచి సగం చేశాడు. అది రెండడుగులు లోపలికి వచ్చింది.

కార్తీక శుద్ధ పంచమి

ఈనె జానెడయింది. పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చుని నాకుతుంది. తేనె గడ్డం మీద కారితే బావ చెయ్యి ముందుకొస్తుంది, వెనక్కి పోతుంది. ఏకాదశికి టెక్కలి వెళ్ళి డాక్టరుగారికి చూపించి, ఆయన సరేనంటే ఎత్తుకుంటాడట. పిల్లను ఎత్తుకోవడానికి ముహూర్తం పెట్టుకున్న తండ్రి ఈయనొక్కడే.

బియ్యం పిండీ బెల్లమూ కొబ్బరీ కలిపి, బావ ఓడలో తినడానికి ఉండలు కట్టాలి. రేపు కడతాను.

అష్టమి

ఉండలు కట్టలేదు. కొబ్బరికాయలు సమయానికి ఒలిచేవాడు లేడు.

కుడి చేతి వేళ్ళ సందున దోమ కుట్టింది.

ఏకాదశి

డాక్టరుగారు బావ ఒళ్ళంతా చూసి, తగ్గిపోయిందన్నారు. ఇంటికి వెళ్ళి పిల్లను ఎత్తుకోమన్నారు. బావ బండి దిగకుండానే "పెద్దతల్లీ" అని కేక పెట్టాడు. అది నారాయణమ్మ మనవళ్ళతో సముద్రం ఒడ్డుకు పోయింది. దీపాల వేళకు వచ్చి, దారిలోనే నిద్రపోయింది. నిద్రలో ఎత్తుకోవద్దు, భయపడుతుంది, రేపు అన్నాను నేను.

భయపడుతుందనే అన్నాను. ఇంకెందుకంటాను?

ఎడమ చేతికి కూడా దోమ కుట్టింది. వేళ్ళ సందులోనే.

ద్వాదశి

పొద్దున్నే పిల్ల లేచి కడుపు గోక్కుంటోంది. పరికిణీ పైకెత్తి చూశాను. నాభి చుట్టూ ఎర్రగా పొక్కులు.

ఇక దోమ అనుకోవడానికి వీల్లేదు. బావ దాన్ని గోటితో కూడా ముట్టుకోలేదు. నా పక్కలో పడుకునే పిల్లకు నా చేతుల్లోంచే అంటింది. అందరికీ కట్టుబాట్లు పెట్టిన దాన్ని నేను. కంచే చేను మేసింది.

అత్త దగ్గరికి వెళ్ళి, "అత్తా, గుంట కడుపు మీద..." అన్నాను. ఆవిడ పిల్లను చూసింది. తర్వాత నా చెయ్యి లాక్కుని వేళ్ళు విడదీసి చూసింది.

"ఆకుతో రాసినావు గదే?"

"ఆకుతోనే అత్తా."

"మరి పెరట్లో అరిటి సెట్టు ఆకులన్నీ సెట్టుకే ఉన్నాయేటే? నానేటి గుడ్డిదాన్నా?"

భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. ఆవిడ నవ్వుతోంది. పళ్ళు లేని నోరంతా తెరుచుకుని నవ్వుతోంది. "మూడేళ్ళకు ఒచ్చిన మొగుడు. ఆకు ఎన్నాళ్ళాగుతాదిలే" అంది. అని, తన చీర చెంగు తీసి మోచెయ్యి చూపించింది. అక్కడా పొక్కులే. ఎప్పట్నించి అంటే చెప్పదు. డాక్టరు ముందర "మా ఇంట్లో ఎవులికొత్తాది" అన్న నోరు కదా, ఎలా చెప్తుంది?

బావకు చెప్పడానికే భయమేసింది. పిల్ల కడుపు చూసి ఆయన మొహం మాడిపోయింది. "నా వల్లే" అన్నాడు. "నీ వల్ల కాదు బావా, నా వల్ల. నేనాగలేకపోయాను" అన్నాను. ఈ మాట ఆయన మొహం మీద అనడం నా జన్మలో మొదటిసారి. ఆయన నా చెయ్యి తీసుకుని, ఆ పొక్కుల మీదే తన బొటనవేలు పెట్టి నొక్కి, టెక్కలికి బయల్దేరాడు. బండి కట్టుకోమన్నా ఆగలేదు, నడిచే వెళ్ళాడు.

పౌర్ణమి

డాక్టరుగారి దగ్గర అంత మందు అప్పుడు లేదట. ఇవాళ రమ్మంటే మళ్ళీ వెళ్ళి పెద్ద డబ్బా తెచ్చాడు. రేపు పొద్దున్న ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకోవాలి. తగ్గిన వాడైనా బావ కూడా రాసుకోవాలి, మళ్ళీ మా దగ్గర్నించి ఆయనకు అంటకుండా.

రేపే ఓడ. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. నేనూ ఎత్తలేదు.

బహుళ పాడ్యమి

తెల్లవారగానే ఎల్లాజీ వచ్చాడు. వెనకాల మూటలు నెత్తిన పెట్టుకుని అతని గుంపు. "నీకు తగ్గిపోనాదట గదా పోలారావూ, డాక్టరే సెప్పినాడు. పద పద" అన్నాడు, మొదటిసారి మా వాకిట్లోకి అడుగుపెడుతూ.

బావ అరుగు మీద కూర్చున్నాడు. "నాకు తగ్గినాది ఎల్లాజీ. మా అమ్మకొచ్చినాది. రాజులుకొచ్చినాది. గుంటకొచ్చినాది. రా, కూకో, కాసిని తేటనీళ్ళు తాగి ఎల్దూగాని."

అత్త తన వంతుగా మోచెయ్యి ముందుకు చాపి చూపించింది. ఎల్లాజీ వేసిన అడుగు వెనక్కి తీసుకుని వీధిలోకి పోయాడు. అక్కణ్ణించే, "వొచ్చే ఓడకి సూద్దాం" అని అరిచాడు. గుంపు నవ్వుకుంటూ అతని వెనక వెళ్ళింది.

తర్వాత పెరట్లో చాప వేశాం. అత్త చేతులకూ కాళ్ళకూ నేను రాశాను. నాకూ బావకూ అత్త రాసింది. "తేనె వొద్దు, మీకు పుళ్ళు నేవు" అని నియమం చెప్పింది. ఇప్పుడు వైద్యమంతా ఆవిడకే తెలుసు.

పెద్దతల్లి మిగిలింది. నేను డబ్బా తీసుకోబోతే బావ తనవైపు లాక్కున్నాడు.

మందు అరచేతుల్లోకి తీసుకుని, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అది అలవాటు ప్రకారం నాలుక చాపింది.

"ఇది నాకీది కాదమ్మా. రాసుకునీది" అన్నాడు.

ముందు అరికాలు పట్టుకున్నాడు. అది ఊరుకుంది. కాలి వేళ్ళ మధ్య ఒక్కొక్క సందూ రాశాడు. పిక్కలు రాశాడు. మోకాళ్ళు రాశాడు. కడుపు దగ్గరికొచ్చేసరికి చక్కిలిగింతలకు అది మెలికలు తిరిగి, పడిపోకుండా ఆయన మెడ పట్టుకుంది. అంతే, ఆయన చేతులు ఆగిపోయాయి. పిల్ల మెడ పట్టుకునే ఉంది. ఆయన కదలడం లేదు. నేను చూడలేక తలగడ గలీబు ఉతకడానికి నూతి దగ్గరికి పోయాను. నిన్ననే ఉతికిన గలీబు అది.

"ఒరే, డబ్బా అంతా ఒక్క గుంటకే రాసీత్తన్నావు" అని అత్త కేకలేస్తోంది. "ఈపు రాసీసినావు గదా, మళ్ళీ ఎందుకు రాత్తన్నావు?"

"మెడ కింద సరిగా పడనేదమ్మా" అంటున్నాడు బావ. "మోచెయ్యి పడనేదమ్మా."

నేను వచ్చేసరికి అది నిలువెల్లా పసుప్పచ్చగా, చంక ఎక్కి కూర్చుని ఉంది. దాని బరువు ఎంతుందో చూస్తున్నట్టు బావ దాన్ని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంటున్నాడు. అది తన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది. నారాయణమ్మ గోడ మీంచి తొంగి చూస్తూ ఉంటే, వాడంతా వినపడేలా అరిచింది.

"మామ్మా! నాకూ తేనోడి కంపొచ్చీసినాది!"

ఇప్పుడు తోటలో తిప్పుతున్నాడు దాన్ని. ఎక్కడున్నారో వాసనే చెప్తోంది. ఓడ ఈపాటికి బారువ దాటి ఉంటుంది. మళ్ళీ ఓడ ఎప్పుడో నేను అడగలేదు, ఎర్ర పట్టు బట్ట మాత్రం పెట్టె అడుగునుంచి తీసి పైన పెట్టాను. వేళ్ళ నిండా మందు, కలం జారిపోతోంది, ఇక రాయలేను.